అయ్యగారిలా నేను ఓర్చుకోలేకపోతున్నాను

(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటిది ఒకటే దారి. వాక్యం నేర్పినవాళ్ల మాదిరిని కష్టకాలంలో ఎంతవరకు అనుసరించాలి అన్నదే ముగ్గురి బాధా. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేశాను. మొదటిదానికి జవాబు కాస్త పొడవైంది, ఓపిక పట్టండి.

ప్రశ్న: వందనాలండి. మాది ఒంగోలు దగ్గర పల్లె. మా అయ్యగారు చాలా ఏళ్లుగా మా సంఘానికి కాపరి, సైకిల్ మీద తిరిగి సంఘం కట్టిన మనిషి. వాళ్ల పెద్దబ్బాయి చనిపోయిన వారం కూడా ఆదివారం ఆరాధన ఆపలేదు, వాక్యం చెప్పారు. నేను ఆయన్ని చూసే విశ్వాసంలో పెరిగాను. పోయినేడాది మా ఆయన బ్యారన్ (పొగాకు ఆకు ఆరబెట్టే కొట్టం) కౌలుకి తీసుకుని పొగాకు వేస్తే నష్టం వచ్చింది, ఇప్పుడు అప్పులవాళ్లు ఇంటికొచ్చి కూర్చుంటున్నారు. రాత్రిళ్లు నిద్ర లేదు, టెన్షన్‌తో గుండె దడ. ప్రార్థన చేద్దామని మోకరిస్తే ఏడుపు తప్ప మాట రాదు. స్త్రీల కూడికలో చెప్పుకుంటే, "అయ్యగారిని చూసి నేర్చుకో, ఆయన ఒక్క మాటైనా అన్నారా, నీకు విశ్వాసం తక్కువ" అన్నారు. అప్పట్నుంచి కూడికకి వెళ్లడం మానేశాను. ఆయనలా ఓర్చుకోవడం నావల్ల అవుతుందా?
– పేరు వద్దన్న సహోదరి

జవాబు: అమ్మా, ముందు ఆ "విశ్వాసం తక్కువ" అన్న మాట పక్కన పెట్టేయండి. అన్నవాళ్లు చెడ్డవాళ్లని కాదు, ఎదుటివాళ్ల ఏడుపు చూస్తూ కూర్చోలేక ఏదో ఒకటి అనేస్తాం మనం, అలాంటప్పుడు నోటికి ముందుగా వచ్చేది ఈ మాటే.

మాదిరి అనుసరించడం అనగానే మనవాళ్లు తీసే వాక్యం రెండవ తిమోతి మూడో అధ్యాయం, పది పదకొండు వచనాలు. అపొస్తలుడైన పౌలు రోమాలో సంకెళ్లలో ఉండి తన శిష్యుడు తిమోతికి రాస్తున్నాడు, నువ్వు నన్ను దగ్గరగా చూసి వెంట నడిచావు అని. ఏమేం చూశాడో వరసగా చెబుతాడు: బోధ, ప్రవర్తన, ఉద్దేశం, విశ్వాసం, దీర్ఘశాంతం, ప్రేమ, ఓర్పు, ఇవన్నీ అయ్యాక హింసలూ ఉపద్రవాలూ. మనం ఏం చేస్తామంటే ముందున్నవన్నీ దాటేసి చివరికి వెళ్లిపోతాం. ఆయన ఎంత బాధ పడ్డాడు, నువ్వెంత పడుతున్నావు అని తూకం వేయడం మొదలుపెడతాం. తిమోతి అనుసరించింది పౌలు ఒంటి మీది దెబ్బల్ని కాదు. దెబ్బలు పడుతున్నప్పుడు ఆ మనిషి ఏ పని మీద ఉన్నాడో, ఎవర్ని ప్రేమిస్తున్నాడో, దాన్ని.

అక్కడ మూడు ఊళ్ల పేర్లున్నాయి: అంతియొకయ, ఈకొనియ, లుస్త్ర. పౌలు అంతకు మించిన దెబ్బలు వేరేచోట్ల ఎన్నో తిన్నాడు. యూదుల చేత ఐదుసార్లు, ఒకటి తక్కువ నలభై కొరడా దెబ్బలు, మూడుసార్లు బెత్తపు దెబ్బలు, మూడుసార్లు ఓడ పగిలిపోవడం, ఇవన్నీ కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఆయనే లెక్క చెప్పాడు. మరి తిమోతికి ఈ మూడు ఊళ్లే ఎందుకు గుర్తు చేశాడు? అది తిమోతి సొంత ప్రాంతం కాబట్టి, నాకు తోచినంతవరకు. ఈకొనియ అంటే ఈనాటి టర్కీలోని కోన్యా నగరం. లుస్త్ర దానికి దక్షిణాన. అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయంలో తిమోతి మనకు మొదట కనబడేది ఆ ఊరి వైపే. తల్లి విశ్వాసురాలైన యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు.

లుస్త్రలో ఏం జరిగిందో అపొస్తలుల కార్యములు పద్నాలుగో అధ్యాయంలో మళ్లీ చదవండి. పుట్టుకతో నడవలేని మనిషి లేచి గంతులు వేశాడు. ఊరంతా తమ దేవతలే దిగి వచ్చారని, పౌలుతో వచ్చిన బర్నబాను ద్యుపతి అన్నారు, పౌలును హెర్మే అన్నారు, పూజారి ఎడ్లనూ పూలదండలనూ గుమ్మాల దగ్గరికి తెచ్చేశాడు. అదే జనం, బయటి ఊళ్ల నుంచి కొందరొచ్చి ఎక్కించేసరికి రాళ్లు తీసుకున్నారు. పౌలును కొట్టి, చచ్చిపోయాడనుకుని ఊరి బయటికి ఈడ్చేశారు. నిన్న దండలు, ఇవాళ రాళ్లు! మన ఊళ్లలో సర్పంచి ఎన్నికలు చూసినవాళ్లకి ఇదేం వింతగా అనిపించదు లెండి.

తర్వాత వచ్చే ఒక్క చిన్న వాక్యం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. శిష్యులు అతని చుట్టూ నిలబడి ఉండగా అతడు లేచాడు. వాళ్లేం చేశారో ఆ పుస్తకం రాసిన లూకా రాయలేదు. ప్రార్థన చేశారని లేదు, పాట పాడారని లేదు, ధైర్యం చెప్పారనీ లేదు. చుట్టూ నిలబడ్డారు, అంతే. అమ్మా, మీ కూడికలో జరగాల్సింది ఇదీ, జరగనిదీ ఇదే.

పౌలు లేచి తిరిగి అదే ఊళ్లోకి వెళ్లాడు, మర్నాడు బర్నబాతో దెర్బేకి బయల్దేరాడు. అక్కడ పని చూసుకుని, రాళ్లేసిన లుస్త్రకీ, చంపాలని చూసిన ఈకొనియకీ, తరిమేసిన అంతియొకయకీ మళ్లీ వచ్చాడు, కొత్త విశ్వాసుల్ని గట్టిపరచడానికి. అనేక శ్రమలు అనుభవించి దేవుని రాజ్యంలో ప్రవేశించాలి అని చెప్పింది ఆ తిరుగు ప్రయాణంలోనే. ఆ మాట ఎవరో నీడపట్టున కూర్చుని చెప్పింది కాదు కాబట్టే దానికి బరువుంది.

ఇదంతా బయటికి కనబడే పౌలు. మరి లోపల? కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో, ఆసియలో (ఈనాటి టర్కీ పడమటి భాగం) మాకు వచ్చిన శ్రమ మా శక్తికి మించిపోయింది, బతుకుతామన్న ఆశ కూడా లేకుండా పోయింది అంటాడు. ఏడో అధ్యాయంలో, మాసిదోనియకి వచ్చాక మా శరీరానికి విశ్రాంతి లేదు, బయట పోరాటాలు, లోపల భయాలు అంటాడు. దాచుకోలేదు. ఇంకో సంగతి, ఆ పత్రిక మొదటి వచనం చూడండి, రాసేవాళ్లుగా ఇద్దరి పేర్లున్నాయి: పౌలు, సహోదరుడైన తిమోతి. గురువు "బతుకు మీద ఆశ పోయింది" అని చెప్పుకున్న ఉత్తరం మీద శిష్యుడి పేరు కూడా ఉంది! తిమోతికి తెలిసిన పౌలు ఆ పౌలు. రాయి తగిలినా చలించని విగ్రహం కాదు, భయపడి, తోటి పనివాడు తీతు వచ్చి పలకరిస్తే తేరుకున్న మనిషి.

మీ అయ్యగారిలో మీరు చూసింది ఆదివారం. ఆ వారం శనివారం రాత్రి ఆయన ఎలా గడిపారో మీరు చూడలేదు, మీ కూడికలోని వాళ్లూ చూడలేదు. ఆయన భార్య, అమ్మగారు చూసి ఉంటారు. నా సలహా ఏంటంటే, ఒకరోజు సాయంత్రం మీ ఆయన్ని కూడా తీసుకుని వాళ్లింటికి వెళ్లండి. ప్రార్థన చేయించుకోవడానికి వెళ్తే పద్ధతిగా ప్రార్థన చేసి పంపేస్తారు, అది వేరే. "అయ్యగారూ, బాబు పోయినప్పుడు మీకు నిద్ర పట్టిందా?" అని సూటిగా అడగండి. చాలామంది కాపరుల్ని ఎవరూ ఇలా అడగరు. ఆయన చెప్పేది మీకు ఎంత అవసరమో, ఎవరైనా అడగడం ఆయనకీ అంతే అవసరం కావచ్చు.

తిమోతి కూడా ఉక్కు మనిషి కాదు. పౌలు అతని కన్నీళ్లను గుర్తు చేసుకున్నాడు. అతనికి కడుపు జబ్బు, తరచూ ఒంట్లో బాగుండేది కాదు. దానికి పౌలు "నీకు విశ్వాసం తక్కువ" అని రాయలేదు. నీళ్లే తాగకుండా కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకో అన్నాడు, ఆ కాలానికి అది వైద్యం. కాబట్టి గుండె దడ, నిద్రలేమి విషయంలో ముందు ఆసుపత్రికి వెళ్లి బీపీ, షుగర్, థైరాయిడ్ చూపించుకోండి. రాత్రిపూట భరించలేనట్టుగా ఉంటే, లేదా మీకో మీ ఆయనకో చచ్చిపోదామన్న ఆలోచన వస్తే, 14416కి ఫోన్ చేయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్, డబ్బులేం తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. పొగాకు రైతుల ఇళ్ల సంగతి నాకు తెలుసు, అందుకే మీరు అడగకపోయినా ఇది రాస్తున్నాను.

అప్పుల విషయం: ఎవరికెంత అసలు, ఎంత వడ్డీ, నోటు ఉందా లేదా, అన్నీ ఒక కాగితం మీద రాయండి. సంఘంలో లెక్క తెలిసిన పెద్దమనిషి ఒకర్ని పక్కన పెట్టుకుని అప్పులవాళ్లతో ఒక్కొక్కరితో మాట్లాడండి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు మాత్రం చేయకండి.

మీది ఒంగోలు వైపు అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి. 1876 నుంచి 1878 వరకు మన దగ్గర పెద్ద కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టుకి తీసుకుని జనానికి కూలి పని ఇప్పించాడు. తెలుగు బోధకులే ఆ కూలీల గుంపుల మీద మేస్త్రీలు. పగలంతా అదే ఎండలో నిలబడి, విశ్రాంతి వేళ వాళ్ల మధ్య కూర్చుని వాక్యం చెప్పేవారు. బియ్యం కోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ లెక్క అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ కాలువ గట్టే ముఖ్యం. ఆ జనం బోధకుల్ని దగ్గర్నుంచి చూశారు, ఆకలి మీద, అలసట మీద, చిరాకు పడినప్పుడు కూడా. మీకు కావాల్సింది కూడా అంత దగ్గరగా చూడడమే, అందుకే వెళ్లి అడగమన్నాను.

కూడికకి ఇప్పుడే వెళ్లక్కర్లేదు. అక్కడ ఒక్కరైనా మీ మాట నోరు మెదపకుండా వినగలిగేవాళ్లు ఉంటారు, ముందు వాళ్లని ఇంటికి పిలవండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేట్ ఉద్యోగం నాది. మా అద్దె ఇంట్లో శుక్రవారం ప్రార్థన పెట్టుకుంటాం, పది పదిహేను మందిమి. మొన్న కొందరు కుర్రాళ్లు వచ్చి గొడవ చేసి, బైబిళ్లు విసిరేసి, మాలో ఒక తమ్ముణ్ణి కొట్టారు. పోలీసులకి ఫిర్యాదు ఇద్దామంటే మాకు వాక్యం నేర్పే అన్న వద్దన్నాడు. "పౌలు రాళ్ల దెబ్బలు తిని ఎవరి మీద కేసు పెట్టాడు? శ్రమ పొందడమే మన పిలుపు" అంటున్నాడు. ఆయన మాట కాదంటే గురువుకి ఎదురు తిరిగినట్టేనా?

జవాబు: కాదు తమ్ముడూ. మీ అన్న పౌలు జీవితంలో ఒక పేజీ చదివి పుస్తకం మూసేశాడు, అంతే.

దమస్కులో పట్టుకోవడానికి కాపలా పెడితే పౌలు గోడ మీంచి గంపలో దిగి తప్పించుకున్నాడు. ఈకొనియలో రాళ్లేయబోతున్నారని తెలియగానే అక్కణ్ణుంచి వెళ్లిపోయాడు. యెరూషలేములో కొరడాలతో కొట్టడానికి కట్టేస్తుంటే, శిక్ష విధించకుండానే రోమా పౌరుణ్ణి కొట్టడం మీకు న్యాయమేనా అని శతాధిపతిని అడిగాడు. నలభై మందికి పైగా తనని చంపేదాకా తిండి తినబోమని ఒట్టు పెట్టుకున్నారని మేనల్లుడు వచ్చి చెబితే, ఆ కుర్రాణ్ణి నేరుగా సైనికాధికారి దగ్గరికి పంపాడు. ఇవాళ్టి మాటల్లో అది పోలీసులకి సమాచారం ఇవ్వడమే కదా! చివరికి రోమా అధిపతి ఫేస్తు ముందు నిలబడి, చక్రవర్తి కైసరు ఎదుటే చెప్పుకుంటానన్నాడు. ఫిలిప్పీలో అయితే మరీ. బెత్తాలతో కొట్టి, జైల్లో వేసి, పొద్దున్నే గుట్టుగా వెళ్లిపొమ్మన్నారు. పౌలు కదల్లేదు. విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించి ఇప్పుడు రహస్యంగా పంపుతారా, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వచ్చారు, బతిమాలుకున్నారు. తన పరువు కోసమే అలా పట్టుబట్టాడని నేననుకోను. అతను వెళ్లిపోయాక ఆ ఊళ్లో లూదియ ఇంట్లో కొత్త సంఘం ఉండిపోతుంది, వాళ్ల మీద మళ్లీ చెయ్యి ఎత్తేముందు అధికారులు ఒకసారి ఆలోచించాలి.

అదే ఫిలిప్పీలో ముందు రాత్రి భూకంపానికి తలుపులు తెరుచుకుంటే మాత్రం పారిపోలేదు. పారిపోయి ఉంటే ఆ జైలరు కత్తి దూసి చచ్చిపోయేవాడు. నేను ఇందులోంచి తీసుకునేది ఇదీ: తప్పించుకునే దారి, చట్టం దారి ఉన్నప్పుడు పౌలు వాడుకున్నాడు, దానివల్ల ఇంకొకరి ప్రాణం మీదికి వస్తుందంటే వదులుకున్నాడు. దెబ్బకి దెబ్బ అని మాత్రం ఎక్కడా చెప్పలేదు. తనకి చాలా కీడు చేసిన కంచరివాడు అలెక్సంద్రు గురించి తిమోతికి జాగ్రత్త చెప్పాడు, లెక్క ప్రభువుకి వదిలేశాడు.

కాబట్టి ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది ముందు దెబ్బలు తిన్న తమ్ముణ్ణి అడగండి, ఒళ్లు అతనిది. ఇస్తానంటే మీరందరూ వెంట వెళ్లండి. ఆసుపత్రి కాగితాలు, ఫోన్లో తీసిన వీడియోలు జాగ్రత్త చేయండి. ఎఫ్ఐఆర్ కాపీ అడిగి తీసుకోండి, అది ఉచితంగా ఇవ్వాలి. మత స్వేచ్ఛ రాజ్యాంగం 25వ అధికరణంలో ఉంది, శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే పరిమితులకు లోబడి. ఆ కుర్రాళ్ల ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి, అది వేరే గొడవకి దారి తీస్తుంది. ఇంటి ఓనరుకి జరిగింది మీరే చెప్పండి, వేరేవాళ్ల నోట వినకముందే.

ఇంకొకటి, మీకు నచ్చకపోవచ్చు. ప్రార్థనలో స్పీకర్ పెడుతున్నారా? రాత్రి పదిన్నర దాకా సౌండ్ పెట్టి, పక్కింటివాళ్లు వచ్చి అడిగితే "హింస" అని సాక్ష్యం చెప్పేవాళ్లని నేను చూశాను. పక్కింటి పసిపిల్లాడి నిద్ర చెడగొట్టినందుకు పడే తిట్లు క్రీస్తు కోసం పడే తిట్లు కావు. మీ దగ్గర అలాంటిది లేకపోతే సరే, ఉంటే ముందు అది ఆపండి. దానివల్ల కొట్టినవాళ్ల తప్పు ఏమీ తగ్గదు.

మీ అన్నతో తగువు పెట్టుకోకండి. ఒక్కటి మాత్రం అడగండి: ఆ రోజు దెబ్బలు పడింది నీ తమ్ముడికో నీ కొడుక్కో అయితే ఇదే చెప్పేవాడివా అన్నా? అవును అని నిజాయితీగా చెబితే గౌరవించండి, అయినా మీ నిర్ణయం మీరు తీసుకోండి.

ప్రశ్న: నాకు బాప్తిస్మం ఇచ్చిన దైవజనుణ్ణి చూసే నేను తాగుడు మానాను. ఇప్పుడు మందిరం కట్టడం కోసం ఇచ్చిన కానుకల్లో కొంత డబ్బుతో ఆయన సొంత పేరున స్థలం కొన్నాడని బయటపడింది. ఆయనే అబద్ధమైతే నేను మారింది కూడా అబద్ధమేనా?

జవాబు: మీరు తాగడం లేదు కదా? అది అబద్ధం ఎలా అవుతుంది. మీ ఇంట్లోవాళ్లని అడగండి.

పౌలు కొరింథీయులతో "నన్ను పోలి నడుచుకోండి" అన్నప్పుడు, నేను క్రీస్తును పోలి నడుచుకున్నట్టే అని కలిపి చెప్పాడు. ఆ రెండో సగం తప్పిన చోట మొదటి సగం మనల్ని కట్టిపడేయదు. డబ్బు దగ్గర ఆయన ఎంత జాగ్రత్తగా ఉన్నాడో కూడా చూడండి. యెరూషలేము పేదల కోసం పోగుచేసిన చందా విషయంలో ఎవరూ తన మీద తప్పు మోపకూడదని, సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని దానికి తోడు పెట్టుకున్నాడు. ఎఫెసు పెద్దలతో, ఎవరి వెండినీ బంగారాన్నీ ఆశించలేదు, నా అవసరాలకీ నాతో ఉన్నవాళ్ల అవసరాలకీ ఈ చేతులే పనిచేశాయి అన్నాడు. డేరాలు కుట్టిన చేతులవి. కాబట్టి లెక్క అడగడం దైవజనుడి మీద తిరుగుబాటు అని ఎవరైనా బెదిరిస్తే భయపడకండి.

అయితే "బయటపడింది" అన్నారు, ఎలా బయటపడింది? పుకారా, కాగితమా? రిజిస్ట్రేషన్ కాగితం, సంఘం బ్యాంకు లెక్కలు చూడకుండా నలుగురిలో మాట్లాడకండి. ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి పెద్దలకి రాతపూర్వకంగా ఇవ్వండి. లెక్క తేలేదాకా కట్టడం నిధికి ఇవ్వడం ఆపుకోవచ్చు, ఆరాధనకి మాత్రం, అక్కడో ఇంకోచోటో, వెళ్తూనే ఉండండి. తాగుడు మానిన మనిషికి ఒంటరితనం మంచిది కాదు.

తిమోతికి కూడా నేర్పింది పౌలు ఒక్కడే కాదు. అమ్మమ్మ లోయి ఉంది, అమ్మ యూనీకే ఉంది. మీరు తాగుడు మానిన మొదటి నెలల్లో చేతులు వణుకుతున్నప్పుడు పక్కన ఎవరున్నారో గుర్తు చేసుకుని, ఈ వారంలో ఒకసారి వాళ్లని కలవండి. పెద్దలు ఏం జవాబిచ్చారో నాకు రాయండి. దాన్నిబట్టి తర్వాత ఏం చేయాలో మాట్లాడదాం.